ఆటకు చిరునామా ఎందుకు?

మన ప్రాచీన దేవాలయముల మండపములలోను, సత్రముల అరుగులమీదను రాతిపలకలపై చెక్కిన గడులు పలుచోట్ల కనిపించును. ఏనాటి పిల్లలో, ఏనాటి బాటసారులో ఎండవేళ నీడకు చేరి పులి-మేక ఆడుకొనుటకు గీచుకొన్న గీతలవి. ఆ రాతికి ఆడువాని పేరుతో పనిలేదు. ఊరివాడైనను, పొరుగూరివాడైనను నాలుగు గులకరాళ్ళు ఏరుకొని కూర్చున్నచో ఆట మొదలగును. వీథిలో చెడుగుడు ఆడు బాలురును అంతే. క్రొత్తగా వచ్చినవానిని "ఏ జట్టులో చేరతావు?" అని అడుగుదురే కాని, "నీ పుట్టినతేదీ ఏది? మీ ఇంటికి సరకు ఏ కొట్టునుంచి వస్తుంది?" అని అడుగరు. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఎవరి ఇంటికి వారు పోవుదురు. ఎవడు ఎంతసేపు ఆడెనో, ఎవనితో ఆడెనో, ఎప్పుడు విసిగి లేచిపోయెనో వ్రాసిపెట్టుకొనువారు ఉండరు.

నేటి బాలుర ఆట చాలవరకు తెరమీదికి మారినది. అంతమాత్రమున దానిని నిందింపవలసిన పనిలేదు. ఆ ఆటలోను నేర్పు కలదు, చెలిమి కలదు, ఓర్పు కలదు. వేయి క్రోసుల దూరముననున్న వానితో జట్టుకట్టి ఆడు సంతోషము కలదు. కాని ఒక భేదము. ఈ ఆటకు వాకిలి ఉన్నది. వాకిట ఒక లేఖకుడు కూర్చుండి పేరు, పుట్టినతేదీ, దేశము, ఈమెయిలు అడిగి వ్రాసికొనిన తరువాతనే లోనికి పంపును. ఇటీవల ఒక లేఖకుడు చాలక రెండవ లేఖకుడును వచ్చి కూర్చున్నాడు. వీడియో గేమును అమ్మిన అంగడిలో ఒక ఖాతా ఉండగా, దానిని ప్రచురించిన సంస్థయొద్ద మరియొక ఖాతా తెరవవలెననియు, ఆ రెంటిని ముడివేయవలెననియు నిర్బంధము. దీనిని ఖాతాల అనుసంధానము అనుచున్నారు. ఈ ముడి ఎవరి మేలుకొరకు? ముడివేయుమని అడుగు అధికారము ఎంతవరకు? పాఠశాలలలోనివారు ఈ ప్రశ్నలను ఆలోచింపవలసిన దినములు వచ్చినవి. ఏలయన, ఆ వాకిట నిలిచినవారిలో మన విద్యార్థులును ఉన్నారు.

వెల పుచ్చుకొన్న తరువాత షరతు

ఈ ప్రశ్న లోకమునకెల్ల తెలియునట్లు 2024వ సంవత్సరము మే నెలలో బయటపడెను. హెల్‌డైవర్స్ 2 అను ఆటను స్వీడను దేశములోని ఆరోహెడ్ గేమ్ స్టూడియోస్ నిర్మింపగా, జపానుకు చెందిన సోనీ సంస్థ యొక్క ఆటల విభాగము ప్రచురించెను. నలుగురివరకు ఒక జట్టుగా కూడి శత్రువులతో పోరుట ఇందలి వినోదము. 2024 ఫిబ్రవరి 8వ తేదీన ఇది ప్లేస్టేషన్ 5 యంత్రమునకును, కంప్యూటరునకును ఒకేసారి వెలువడెను. కంప్యూటరుమీద ఆడువారిలో అత్యధికులు దానిని స్టీమ్ అను అంగడినుండి కొనిరి. ఆ అంగడి అమెరికాలోని వాల్వ్ సంస్థది, సోనీది కాదు. వెల సుమారు 40 డాలర్లు. పండ్రెండు వారములలో కోటి ఇరువది లక్షల ప్రతులు అమ్ముడుపోయినవని సోనీ ప్రకటించెను.

ఆడుటకు సోనీవారి ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతా కావలెనను మాట స్టీమ్ అంగడిలోని ఆ ఆట వివరముల పుటలో మొదటినుండియు ఉన్నది. కాని ఆట వెలువడినప్పుడు వచ్చిపడిన జనసమ్మర్దమునకు యంత్రములు తట్టుకొనలేకపోగా, ఆ నియమము తాత్కాలికముగా నిలిపివేయబడెను. ఖాతాను ముడివేయుమను పలుకు తెరమీద కనబడినను, దానిని దాటి లోనికి పోవుటకు వీలుండెను. సుమారు మూడు నెలలపాటు లక్షలాదిమంది అట్లే ఆడిరి.

మే 3వ తేదీన సోనీ ప్రకటన వెలువడెను. క్రొత్తగా చేరువారు మే 6వ తేదీనుండియు, అదివరకే ఆడుచున్నవారు జూన్ 4వ తేదీలోపలను ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతాను స్టీమ్ ఖాతాతో అనుసంధానింపవలెనని దాని సారాంశము. ఆటగాండ్ర క్షేమమునకును, తోడివారిని బాధించువారిని వెలివేయుటకును ఇది అవసరమని కారణము చెప్పిరి.

ఇక్కడ ఒక చిక్కు వచ్చెను. ప్లేస్టేషన్ నెట్‌వర్క్ అన్ని దేశములలో లేదు. ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా, ఫిలిప్పీన్స్ మొదలగు దేశములలోనివారికి ఆనాటికి తమ దేశము పేరుతో ఆ ఖాతా తెరచుటకు వీలులేకుండెను. కాని అదే దేశములలో స్టీమ్ ఈ ఆటను అమ్మియుండెను. వెల ఇచ్చి మూడు నెలలు ఆడిన మనిషికి ఇప్పుడు రెండే దారులు మిగిలినవి: తాను లేని దేశములో ఉన్నట్లు అబద్ధము వ్రాయుట, లేదా కొన్న ఆటను విడుచుట. అబద్ధము వ్రాయుట సోనీవారి నియమములకే విరుద్ధము. నిజము చెప్పినవానికి ప్రవేశము లేదు. అబద్ధము చెప్పినవానికి భరోసా లేదు. కొలది దినములలోనే సుమారు 177 దేశములలోను, ప్రాంతములలోను స్టీమ్ అంగడిలో ఆ ఆట అమ్మకము నిలిచిపోయెను. మన దేశములో ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఉన్నందున మనవారికి వాకిలి మూతపడు భయము లేకుండెను. వారి ఎదుట నిలిచినది చిరునామా నిర్బంధము మాత్రమే.

ఆటగాండ్రు ఊరకుండలేదు. స్టీమ్ అంగడిలో కొన్నవారు తమ అభిప్రాయము వ్రాయుటకు చోటున్నది. కొలది దినములలో అచట రెండు లక్షలకు మించిన ప్రతికూలాభిప్రాయములు వచ్చిపడెను. ఆట బాగులేదని కాదు; ఆటను ప్రేమించినవారే అట్లు వ్రాసిరి. ప్రకటన వెలువడిన మూడు దినములలోనే, ఆ మార్పును జరుపబోమని సోనీ తిరుగు ప్రకటన చేసెను. ఆనాటి ఆరోహెడ్ అధిపతి యోహాన్ పిలెస్టెట్ తన పొరపాటును దాచలేదు. ఈ నియమము తప్పనిసరి అగునని ఆట వెలువడుటకు సుమారు ఆరు నెలల ముందే తనకు తెలియుననియు, మొదట దానిని నిలిపివేసిన నిర్ణయము తనదేననియు, ఆటగాండ్రకు ఈ సంగతి తగినంతగా తెలుపలేకపోతిమనియు బహిరంగముగా ఒప్పుకొనెను. వ్యాపారలోకములో ఇట్టి ఒప్పుకోలు అరుదు. దానిని గౌరవింపవలెను.

అవసరము, కోరిక

సంస్థ చెప్పిన కారణము పూర్తిగా త్రోసివేయదగినది కాదు. పదిమంది కూడి ఆడుచోట మోసగాండ్రు ఉందురు, దుర్భాషలాడువారు ఉందురు. వారిని గుర్తించి వెలివేయుటకు ఒక గుర్తు కావలెను. యంత్రము మారినను స్నేహితులు ఒకరినొకరు కలిసికొనుటకు ఒక పేరు కావలెను. ఒక్కొక్కప్పుడు పాత ఖాతాకంటె క్రొత్త ఖాతాకే భద్రత ఎక్కువగా ఉండును. మన బాలురలో పలువురెరిగిన మైన్‌క్రాఫ్ట్ సంగతి చూడుడు. దానిని నిర్మించిన స్వీడను సంస్థ మోజాంగును 2014లో మైక్రోసాఫ్టువారు 250 కోట్ల డాలర్లకు కొనిరి. పాత మోజాంగు ఖాతాలనన్నింటిని మైక్రోసాఫ్టు ఖాతాలుగా మార్చుకొనవలెనని 2020లో ప్రకటించిరి. భద్రత పెరుగునని కారణము చెప్పిరి. అందులో నిజమును ఉన్నది. ఐనను 2023 సెప్టెంబరు 19తో గడువు ముగిసినది. ఆలోపల మార్చుకొననివారు ఎప్పుడో వెల ఇచ్చి కొన్న ఆటకు దూరమైరి. వారు చేసిన నేరమేమియు లేదు. క్రొత్త యజమాని పుస్తకములో పేరు వ్రాయింపలేదు, అంతే.

కావున, ఖాతా అడుగుటయే తప్పు అనుట సరికాదు. అడిగినది ఆటకు అవసరమా, సంస్థకు కోరికా అనునదే ప్రశ్న. దీనిని తేల్చుటకు హెల్‌డైవర్స్ 2 కథలోనే ఒక ఆధారము ఉన్నది. ఆ నియమము లేకుండ ఆట సుమారు మూడు నెలలు నడిచెను. కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయెను. ఇంటికి ఒక స్తంభమును తీసివేసిన తరువాత మూడు నెలలు ఇల్లు చెక్కుచెదరక నిలిచినచో, అది స్తంభము కాదు, అలంకారమని చెప్పవలసియున్నది.

మరియొక ఆధారము 2025లో వచ్చెను. అంతకుముందు, 2024 సెప్టెంబరులో, గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ అను ఆటను సోనీ కంప్యూటరునకు విడుదల చేసెను. అది ఒంటరిగా ఆడు ఆట. దానికి సైతము ప్లేస్టేషన్ నెట్‌వర్క్ ఖాతా ఉండితీరవలెననిరి. ఒంటరిగా ఆడువాడు బాధించుటకు తోడివాడేడీ? వెలివేయుటకు దుర్మార్గుడేడీ? క్షేమమను కారణము ఇక్కడ ఎట్లు పొసగును? చివరకు 2025 జనవరిలో, ఆ ఆటకును, మార్వెల్స్ స్పైడర్-మ్యాన్ 2 మొదలైన మరికొన్నిటికిని ఖాతా ఐచ్ఛికమని సోనీయే ప్రకటించెను. ఇష్టపడి ఖాతా ముడివేసినవారికి ఆటలో కొన్ని తాయిలములు ఇత్తుమని చెప్పిరి. ఇది న్యాయమైన మార్గము. తాయిలము చూపి పిలుచుట వేరు, వాకిలి మూసి నిలువరించుట వేరు. అవసరమైనది ఐచ్ఛికము కానేరదు. ఐచ్ఛికమైనది అవసరము కానేరదు. నిన్నటివరకు తప్పనిసరి అన్నది నేడు ఐచ్ఛికమైనదన్నచో, నిన్నటి నిర్బంధమునకు ఆధారము కోరికయే కాని అవసరము కాదు.

చిట్టా, ఆవర్జా

"ఒక పేరు, ఒక ఈమెయిలు ఇచ్చినంతమాత్రాన పోయేదేముంది?" అని విద్యార్థులు అడుగుదురు. మన పాత వర్తకుల లెక్కల పద్ధతి తెలిసినవారికి దీనికి సమాధానము కష్టము కాదు. వర్తకుడు ఆయా దినముల బేరములను జరిగిన వరుసలో చిట్టాలో వ్రాయును. అందులో ఒక మనిషి సంగతులు పలుచోట్ల చెదరియుండును. ఆ పద్దులనే మనిషివారీగా ఆవర్జాలోనికి ఎత్తివ్రాసినప్పుడు ఒక్కొక్కని బ్రతుకు ఒక్కొక్క పుటలో కనబడును: ఏ నెలలో అప్పు పెరిగినది, ఏ పండుగకు చేయి విడిచి ఖర్చుచేసెను, ఎప్పటినుండి నెయ్యి మాని నూనెతో సరిపెట్టుకొనెను. పద్దులు అవే. ఎత్తివ్రాయుటచేత క్రొత్త జ్ఞానము పుట్టెను.

ఖాతాల అనుసంధానము ఇట్టి ఎత్తివ్రాతకు వీలు కల్పించును. ఆన్‌లైన్ ఆట నడచునప్పుడు ఎవరు ఎప్పుడు లోనికి వచ్చిరి, ఎంతసేపు ఉండిరి, ఎవరితో జట్టుకట్టిరి, ఆటలో ఏ వస్తువులు కొనిరి అను సంగతులు నమోదగుచుండును. ఆడు యంత్రము యొక్క గుర్తులును, ఇంటర్నెట్టులో దాని చిరునామాయు తెలియును. ఆ చిరునామానుబట్టి ఆడువాడు ఏ ప్రాంతమువాడో ఉజ్జాయింపుగా చెప్పవచ్చును. కొన్ని ఆటలలో మాటలును వినబడుచుండును. మరియొక ఖాతాలో పేరు, పుట్టినతేదీ, డబ్బు చెల్లించిన వివరములు ఉండును. విడివిడిగా ఇవి చిట్టాలోని పద్దులు. ముడివేసిన తరువాత ఆవర్జాలోని పుట.

సంస్థలకు దీనిపై ఆసక్తి ఎందుకో గ్రహించుటయు కష్టము కాదు. ఆట పరుల అంగడిలో అమ్ముడుపోయినప్పుడు, కొన్నవాడు ఆ అంగడికి గిరాకీ. తయారుచేసినవానికి అతడు పరాయి. ఖాతా ముడిపడినచో అంగడివాని గిరాకీ తన గిరాకీ అగును. రేపు మరియొక ఆట అమ్ముటకు నేరుగా అతని తలుపు తట్టవచ్చును. ఇందులో దుర్మార్గము ఉన్నదని చెప్పుట లేదు, వ్యాపారము ఉన్నది. వ్యాపారమును వ్యాపారమనియే చెప్పి అడుగవలెను కాని, క్షేమమను పేరుతో అడుగరాదు.

మార్చలేని తాళము

"నాకు దాచుకోవలసినది ఏమీ లేదు" అనునది విద్యార్థులు చెప్పు రెండవ మాట. గోప్యత అను శబ్దమునకు మూలమైన గుప్ ధాతువునకు కాపాడుట అను అర్థము కలదు. గోప్త అనగా రక్షకుడు. అనగా గోప్యత దోషులు దాచుకొనునది మాత్రమే కాదు, నిర్దోషులు కాచుకొనవలసినది. ఎందుకు కాచుకొనవలెనో తెలిసికొనుటకు ఈ ప్లేస్టేషన్ నెట్‌వర్క్ చరిత్రలోనే ఒక పాఠమున్నది.

2011 ఏప్రిల్ నెలలో ఎవరో ఆ వ్యవస్థలోనికి చొరబడిరి. ఏప్రిల్ 20వ తేదీన సోనీ ఆ నెట్‌వర్కును ఆపివేసెను. ఆరు దినముల తరువాత, ఏప్రిల్ 26న, ఆటగాండ్ర వ్యక్తిగత సమాచారము పరుల చేతిలో పడినదని ప్రకటించెను. సుమారు 7 కోట్ల 70 లక్షల ఖాతాలకు సంబంధించిన పేర్లు, చిరునామాలు, ఈమెయిళ్ళు, పుట్టినతేదీలు అందులో ఉండెను. నెట్‌వర్కు మరల తెరచుకొనుటకు మూడు వారములకు పైగా పట్టినది. తగిన జాగ్రత్త తీసికొనియున్నచో ఆ చొరబాటును నివారింపగలిగియుండెడివారని తేల్చి, బ్రిటనులోని సమాచార కమిషనరు కార్యాలయము 2013 జనవరిలో సోనీ యొక్క యూరపు విభాగమునకు రెండున్నర లక్షల పౌనుల జరిమానా విధించెను.

ఇది జరిగి ఏండ్లు గడచినవి. పాత తప్పును పట్టుకొని ఒక సంస్థను ఎల్లకాలము దూషించుట న్యాయము కాదు. కాని ఆ పాఠము పాతబడలేదు. ఇంటి తాళముచెవి పోయినచో తాళము మార్చుకొందుము. పాస్‌వర్డు పోయినచో క్రొత్తది పెట్టుకొందుము. పుట్టినతేదీ పోయినచో దేనితో మార్చుకొందుము? తల్లిదండ్రులు పెట్టిన పేరు పోయినచో మరియొకటి ఎక్కడ తెత్తుము? సమాచారము ఎన్ని చోట్ల ఉన్నదో అన్ని తలుపులు కాయవలసియుండును. ఎంతకాలము నిలువయుండునో అంతకాలము కాయవలసియుండును. అందుచేత సమాచార రక్షణలో మొదటి సూత్రము గట్టి తాళము వేయుట కాదు. అక్కరలేనిదానిని పుచ్చుకొనకుండుట.

బాలుర మాట

పెద్దల విషయమే ఇట్లున్నప్పుడు బాలుర సంగతి మరింత జాగ్రత్త కోరును. పదుమూడేండ్లు నిండని పిల్లల సమాచారమును తల్లిదండ్రుల అనుమతి లేక సేకరింపరాదని అమెరికాలో 1998లో చేసిన చట్టమున్నది. ఫోర్ట్‌నైట్ అను ఆటను నడుపు ఎపిక్ గేమ్స్ సంస్థ ఈ చట్టమును అతిక్రమించినదని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషను ఆరోపించెను. ముక్కుమొగమెరుగని పెద్దలతో పిల్లలు మాటలాడుటకు వీలుగా సంభాషణ సౌకర్యము మొదటినుండియే తెరచియుంచబడినదని అందొక అభియోగము. 2022 డిసెంబరులో ఆ సంస్థ మొత్తము 52 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనెను. అందులో 27 కోట్ల 50 లక్షలు పిల్లల గోప్యతకు సంబంధించినవి. తక్కినవి, తెలియక మీట నొక్కి డబ్బు పోగొట్టుకొన్నవారికి తిరిగి ఇచ్చుటకు.

2023 జూన్‌లో మైక్రోసాఫ్టువారు తమ ఎక్స్‌బాక్స్ ఖాతాల విషయమున 2 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనిరి. ఇందలి అభియోగమును ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గమనింపవలెను. ఖాతా తెరచుచు పుట్టినతేదీ వ్రాసి, తాను పదుమూడేండ్లలోపు వాడనని పిల్లవాడు నిజము చెప్పిన తరువాత సైతము, అతనిని ఫోను నంబరు మొదలైనవి అడిగిరి. తల్లిగాని తండ్రిగాని వచ్చి అనుమతి పూర్తిచేయకపోయినను, ఖాతా సగములో ఆగిపోయినను, అప్పటికి పిల్లవాడు వ్రాసిన వివరములు కొన్ని సంవత్సరములపాటు సంస్థయొద్ద నిలువయుండెనని కమిషను తెలిపెను. పిల్లవాడు గుమ్మము దాటలేదు. వాని పేరు మాత్రము లోపల ఉండిపోయెను.

సమ్మతి ఏది?

మా కళాశాలలో ఒకనాడు "సమ్మతి" అను పదము పాఠములో వచ్చెను. సమ్, మతి: మనస్సులు కలియుట అని అర్థము చెప్పితిని. మీలో ఎందరు ఫోనులో "అంగీకరిస్తున్నాను" అను మీట నొక్కుటకు ముందు పైనున్నది చదివిరి అని అడిగితిని. ఒక్క చేయి లేవలేదు. వెనుక వరుసలోని విద్యార్థి ఒకడు లేచి, "చదివి ఏం లాభం మాస్టారూ? వద్దంటే ఆట తెరుచుకోదు గదా!" అనెను. తరగతి నవ్వెను. నేను మాత్రము నవ్వలేకపోతిని. ఆ బాలుడు తెలియక చెప్పిన మాటలో న్యాయశాస్త్రమంతయు ఉన్నది. కాదనుటకు వీలున్నప్పుడే ఔననుటకు విలువ. మౌనము అర్ధాంగీకారమని మన సామెత. ఈ మీటలయందు అంగీకారమే మౌనమైపోయినది.

మన దేశపు చట్టము ఈ విషయమున ఆ బాలుని పక్షముననే ఉన్నది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24వ తేదీన సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి కేసులో ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. ఆ మీదట డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదము పొందెను. సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టముగా, విషయము తెలిసి, షరతు లేక ఇచ్చినదై ఉండవలెననియు, చెప్పిన పనికి అవసరమైన సమాచారమునకే అది పరిమితమగుననియు ఆ చట్టము పలుకుచున్నది. ఆ చట్టములోనే ఒక ఉదాహరణము ఇచ్చిరి. ఫోనుద్వారా వైద్యసలహా ఇచ్చు యాప్ ఒకటి, రోగి వివరములతోపాటు ఆమె ఫోనులోని పరిచయస్థుల పట్టికను కూడ చూచుటకు అనుమతి అడిగినది. ఆమె రెంటికిని సరే అన్నది. వైద్యసలహాకు పరిచయస్థుల పట్టిక అక్కరలేదు గనుక, ఆ రెండవ సమ్మతి చెల్లదు. ఆటకు సంబంధించిన ఉదాహరణము కాకపోయినను, ఆటగాడు దీనిని చక్కగా తనకు అన్వయించుకొనవచ్చును.

పదునెనిమిదేండ్లు నిండనివారినందరిని ఈ చట్టము బాలలుగా ఎంచినది. వారి సమాచారమునకు తల్లిదండ్రుల రుజువైన సమ్మతి కావలెను. వారి నడవడిని వెంబడించి గమనించుటయు, వారిని గురిచేసి ప్రకటనలు చూపుటయు కూడదు. ఈ విధులను తప్పినవారికి 200 కోట్ల రూపాయలవరకు జరిమానా కలదు. తెలుగువారికి సంతోషకరమైన నియమము మరియొకటి ఉన్నది: సమ్మతి కోరు మాటలను ఇంగ్లీషులోనేగాక, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనను చదువుకొను వీలు కల్పింపవలెను. ఆ షెడ్యూలులో తెలుగు ఉన్నది. ఈ చట్టపు నిబంధనలు 2025 నవంబరులో ప్రకటింపబడినవి; సంస్థల ముఖ్య విధులు అమలులోనికి వచ్చుటకు ఆనాటినుండి పదునెనిమిది నెలల గడువు ఇచ్చిరి. చట్టము కాగితము దాటి వాకిటివరకు వచ్చుటకు, అడుగువారు ఉండవలెను.

పాఠశాలలో చేయదగినది

ఉపాధ్యాయులు ఆటలు మాన్పింపబూనుట వ్యర్థము. ఎట్లు ఆడవలెనో నేర్పుట సాధ్యము. ఆటను కొనుటకు ముందే, అంగడి పుటలో "మరియొక సంస్థ ఖాతా కావలెను" అను పంక్తి ఉన్నదేమో చూడుమని విద్యార్థులకు చెప్పవలెను. వెల ఇచ్చిన తరువాత బేరమాడు బలము తగ్గిపోవును. ఖాతా ముడివేయుట ఐచ్ఛికమైనచోట దానిని దాటిపోవుటయే మేలు. ఆటలకు వేరొక ఈమెయిలు, ప్రతి ఖాతాకు వేరొక పాస్‌వర్డు, రెండంచెల ధృవీకరణ ఉండవలెను. నింపి తీరవలెనని లేని గడులను ఖాళీగా విడువవలెను. ఏయే ఖాతాలు ముడిపడియున్నవో అప్పుడప్పుడు చూచుకొని, అక్కరతీరిన ముడిని విప్పవలెను. చిన్నపిల్లల ఖాతాను తల్లిదండ్రులే తెరవవలెను. వయస్సు పెంచి వ్రాయుట గొప్ప అని పిల్లలు అనుకొనుచున్నారు. అట్లు వ్రాసినవాడు, చట్టము తనకు పట్టిన గొడుగును తానే మూసివేసికొనుచున్నాడని వారికి తెలియజెప్పవలెను.

భాషోపాధ్యాయులు ఒక అభ్యాసమును కూడ చేయింపవచ్చును. ఏదైన ఒక ఆటయొక్క సమ్మతిపత్రమును తరగతికి తెచ్చి, దానిని పది పంక్తులలో తేటతెలుగున సంగ్రహింపుమనవలెను. అడుగువారెవరు? అడిగినదేమి? ఎందుకు? ఎంతకాలము ఉంచుకొందురు? కాదన్నచో ఏమగును? ఈ ఐదు ప్రశ్నలకు పత్రములో సమాధానము దొరకినచో అది చదువదగిన పత్రము. దొరకనిచో, ఆ లోపము విద్యార్థిది కాదు, వ్రాసినవారిది. ఈ సంగతి ఒకసారి తెలిసిన బాలుడు మరల ఆ మీటను గ్రుడ్డిగా నొక్కడు.

ఈ బాలురే రేపు బ్యాంకులో, ఆసుపత్రిలో, ఉద్యోగములో, ఓటు హక్కుకు సంబంధించిన కాగితములమీద సమ్మతి తెలుపవలసిన పౌరులు. చదువక సరే అనుట వారికి ఆటలోనే అలవాటైనచో, అచటను అదే చేయుదురు. హెల్‌డైవర్స్ 2 ఆడినవారు ఒక మహాసంస్థను మూడు దినములలో వెనుకకు మరలించిరి. వారికి ఆయుధము ఏదియు లేదు, "ఇది ఆటకు ఎందుకు?" అను ప్రశ్న ఒక్కటే ఉండెను. ఆ ప్రశ్నను మన పిల్లల నోట పలికించుట ఉపాధ్యాయుల పని. చిరునామా ఇచ్చుట, మానుట తరువాతి సంగతి. ముందు ఎందుకని అడుగుట వారికి రావలెను.